బెంగళూరు నుంచి గోకర్ణకి రాత్రి బస్సు, ఇద్దరమే, మొదటిసారి: బెర్తు, ఘాట్ రోడ్డు, అత్తయ్య భయం

ఒంగోలు_అమ్మాయి అడుగుతున్నారు:

అందరికీ నమస్తే. నేనూ మా ఆయనా బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం, పెళ్ళయి ఏడాదిన్నర. ఈ ఏడాదిన్నరలో తిరుమల వెళ్ళాం, శ్రీశైలం వెళ్ళాం, అన్నవరంలో వ్రతం చేసుకున్నాం, ప్రతిసారీ అటు మా అమ్మావాళ్ళో ఇటు అత్తయ్యావాళ్ళో వెంట ఉన్నారు. వాళ్ళతో వెళ్ళడం నాకిష్టమే. కానీ ఇద్దరమే చెరో బ్యాగు భుజాన వేసుకుని, పెద్ద ప్లానేమీ లేకుండా ఒక్కసారి ఎక్కడికైనా పోవాలని పెళ్ళి కుదిరినప్పటి నుంచీ అనుకుంటున్నాం, ఇన్నాళ్ళకి ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరికింది.

ఫిబ్రవరి మొదటి వారంలో గోకర్ణ అనుకున్నాం. గురువారం రాత్రి బస్సెక్కి, ఆదివారం రాత్రి తిరిగి ఎక్కి, సోమవారం పొద్దునకి ఇంట్లో ఉండాలి. టికెట్లతో సహా ఇద్దరికీ కలిపి పదిహేను వేలు పక్కన పెట్టాం.

నాకు ఘాట్ రోడ్డు పడదు. తిరుమల కొండెక్కినా దిగినా కవరు చేతిలో ఉండాల్సిందే. ఆయనేమో ఆరడుగుల మనిషి. స్లీపర్‌లో పైబెర్తు తీసుకోవాలా కిందిదా, ముందువైపా వెనకా, ఏదీ తెలియడం లేదు. పొద్దున్నే దిగితే రూము పదకొండు దాకా ఇవ్వరట, అప్పటిదాకా ఎక్కడుండాలి? నా ఆధార్‌లో ఇంకా పుట్టింటి అడ్రసు, పుట్టింటి ఇంటిపేరే ఉన్నాయి, దాంతో ఏమైనా ఇబ్బంది పెడతారా? గుడికి వెళ్ళాలంటే బట్టలు ఏం పెట్టుకోవాలి, బ్యాగులో అంత చోటుండదు కదా.

అసలు టెన్షన్ మాత్రం వేరే. 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర చిన్నటేకూరులో బస్సు కాలిపోయినప్పటి నుంచి మా అత్తయ్య రాత్రి బస్సు అంటే ఒప్పుకోవడం లేదు. వాళ్ళది అనంతపురం. మేము పండక్కి వెళ్ళినా పగలే రమ్మంటారు. ఈ ట్రిప్పు సంగతి ఇంకా చెప్పలేదు. కారులో వెళ్తున్నామని చెప్పేద్దాం అంటున్నారు ఈయన. అబద్ధం చెప్పి వెళ్ళడం నాకిష్టం లేదు, అలాగని ఆవిడ రెండు రాత్రులు నిద్రపోకుండా కూర్చోవడం కూడా ఇష్టం లేదు. రాత్రి బస్సు నిజంగా అంత ప్రమాదమా, మన చేతిలో ఉన్న జాగ్రత్తలేంటి, దయచేసి తెలిసినవాళ్ళు చెప్పండి.

మెజెస్టిక్_బ్యాచి:

గోకర్ణకి ఐదుసార్లు వెళ్ళాను, నాలుగుసార్లు బస్సులోనే. అత్తయ్యగారి సంగతి నాకంటే బాగా చెప్పగలిగేవాళ్ళు ఇక్కడున్నారు, నేను దారి గురించి చెప్తాను.

మొదటి మాట, మారతహళ్ళిలో బస్సెక్కకండి. ఇంటి పక్కనే కదా అనిపిస్తుంది, కానీ ఆ బస్సు ఊరంతా తిరిగి, ప్రతి పికప్ దగ్గరా పది నిమిషాలు ఆగి, తుమకూరు రోడ్డు ఎక్కేసరికి రెండు గంటలు అయిపోతాయి, మీ నడుం అప్పటికే నొప్పెడుతుంది. కుందలహళ్ళిలో మెట్రో ఎక్కి, మెజెస్టిక్‌లో గ్రీన్ లైనుకి మారి, యశవంతపురలోనో గొరగుంటెపాళ్యలోనో దిగి అక్కడ ఎక్కండి. ఇంట్లో తీరిగ్గా అన్నం తిని బయల్దేరవచ్చు.

దూరం దాదాపు 500 కిలోమీటర్లు, పది నుంచి పన్నెండు గంటలు పడుతుంది. పడమటి కనుమలు దాటకుండా సముద్రం దగ్గరికి వెళ్ళే దారి లేదు కాబట్టి ఏ బస్సయినా ఏదో ఒక ఘాట్ దిగాల్సిందే. కొన్ని హుబ్బళ్ళి, యల్లాపుర మీదుగా అరబైలు ఘాట్ దిగి అంకోలాకి వస్తాయి. కొన్ని శిరసి మీదుగా దేవిమనె ఘాట్ దిగి కుమటాకి వస్తాయి. మీకు పడదన్నారు కాబట్టి బుక్ చేసేముందు బస్సువాళ్ళకి ఫోన్ చేసి ఏ దారో అడగండి, నాకైతే అరబైలు వైపు మలుపులు కాస్త నయమనిపించింది. ఏ దారైనా ఘాట్ వచ్చేది తెల్లవారుజామునే, ఆ టైముకి నిద్రలో ఉంటే సగం గండం గడిచినట్టే. వాంతుల మాత్ర బస్సు ఎక్కడానికి ఓ గంట ముందు వేసుకోవాలి, వికారం మొదలయ్యాక వేసుకుంటే అంతగా పనిచేయదు. ఎవోమిన్ లాంటివి నిద్ర కూడా పట్టిస్తాయి. వేరే మందులు వాడుతుంటే, లేదా విశేషమేమైనా ఉంటే మాత్రం డాక్టర్ని అడక్కుండా వేసుకోకండి. రాత్రికి ఇడ్లీయో పెరుగన్నమో తినండి, బిర్యానీ వద్దు.

బెర్తు: కిందిది, బస్సు మధ్యలో. పైబెర్తు ప్రతి మలుపులోనూ ఉయ్యాల ఊగినట్టు ఊగుతుంది. వెనక చక్రం పైన ఉండే బెర్తులో ప్రతి గుంతా వెన్నెముకకి తెలుస్తుంది, చివరి వరస అయితే అసలు వద్దు. కాళ్ళు డ్రైవరు వైపు పెట్టుకుని పడుకోండి, గట్టిగా బ్రేకు కొడితే తల వెళ్ళి కొట్టుకోకుండా. మీవారు ఎలాగూ మోకాళ్ళు కొంచెం ముడుచుకోవాల్సిందే, ఆరడుగులకి సరిపడే బెర్తు నేనింతవరకు చూడలేదు.

దిగడం గురించి ముఖ్యమైన విషయం. టికెట్ మీద గోకర్ణ అని ఉన్నా కొన్ని బస్సులు ఊళ్ళోకి రావు, 66వ నంబరు జాతీయ రహదారి మీద మాదనగేరి క్రాస్ దగ్గర దించేసి వెళ్ళిపోతాయి, అక్కడి నుంచి ఊరు ఇంకా పది కిలోమీటర్లు. మూడోసారి వెళ్ళినప్పుడు నాకిదే జరిగింది. పైగా క్లీనరు లేపలేదు, కళ్ళు తెరిచేసరికి బస్సు కుమటా దాటి వెళ్తోంది, నేనూ మా ఆవిడా చీకట్లో హైవే పక్కన నిలబడి వెనక్కి వెళ్ళే ఎర్రబస్సు కోసం గంటసేపు చూశాం. ఆవిడ ఏడుపు ఒక్కటే తక్కువ. అందుకే బుక్ చేసేటప్పుడే డ్రాపింగ్ పాయింట్ చూసుకోండి, పడుకునేముందు మ్యాపు ఆఫ్‌లైన్‌లో పెట్టుకుని ఐదింటికి అలారం పెట్టుకోండి.

పొద్దున ఏడున్నరకల్లా చేరతారు. రూము పదకొండుకిచ్చినా చాలా చోట్ల బ్యాగులు పెట్టుకోనిస్తారు, మొహం కడుక్కోవడానికి బాత్రూము చూపిస్తారు, ముందురోజే ఫోన్ చేసి అడగండి. బ్యాగులు అక్కడ పడేసి కుడ్లె బీచికి వెళ్ళి ఇసకలో కూర్చోండి. ఆ టైములో అక్కడ కుక్కలూ, వ్యాయామం చేసుకునే నలుగురైదుగురూ తప్ప ఎవరూ ఉండరు.

ఉండడానికి కూడా కుడ్లె వైపే చూడండి. ఊళ్ళో బస్టాండు నుంచి గుట్ట మీదుగా నడిస్తే అరగంట, ఆటో కూడా కొంతవరకు వస్తుంది. కొండ మీద హాస్టళ్ళు, కింద గుడిసెలు, మామూలు గదులు అన్నీ ఉంటాయి. ఏటీఎంలు మాత్రం ఊళ్ళోనే, డబ్బు అక్కడే తీసుకోండి.

సీమ_కోడలు:

పైన చెప్పినవి బాగున్నాయి, ఆడవాళ్ళకి కావలసినవి నేను చెప్తాను.

బాత్రూము సంగతి ముందు. చాలా బస్సులు రాత్రి భోజనానికి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి ఆగుతాయి, అంతే. నీళ్ళు తాగడం మానేయకండి, అలా మానేసి నేను ఒకసారి యూరిన్ ఇన్ఫెక్షన్ తెచ్చుకున్నాను. కావలసినప్పుడు ఆపమని అడగండి. మొహమాటపడితే నష్టం మనకే. ఎక్కగానే డ్రైవరన్నకి "మధ్యలో ఒకసారి పెట్రోలు బంకు దగ్గర ఆపాలన్నా" అని చెప్పి ఉంచితే చాలామంది ఆపుతారు, బంకుల్లో బాత్రూములు దాబాల కంటే నయం. చిన్న టార్చీ, టిష్యూలు, సబ్బు కాగితాలు చేతిసంచిలో పెట్టుకోండి, పెద్ద బ్యాగు డిక్కీలోకి పోతుంది. ఫోన్లు, డబ్బు, కార్డులు, మాత్రలు డిక్కీలోకి వెళ్ళకూడదు.

ఆధార్: మీ ఇంటిపేరు మారకపోయినా ఏమీ కాదు. ఇద్దరూ మేజర్లు, చెరో గుర్తింపు కార్డు ఉంటే సరిపోతుంది, భార్యాభర్తలైనా కాకపోయినా ఒకే గదిలో ఉండకూడదనే చట్టమేదీ లేదు. కొన్ని లాడ్జీలవాళ్ళు సొంత రూల్సు పెట్టుకుంటారు, అది వేరే విషయం, అందుకే బుక్ చేసేముందు ఒక మాట అడిగితే అక్కడికి వెళ్ళాక వాదన ఉండదు. మాకు పెళ్ళయిన కొత్తలో ఒక ఊళ్ళో రిసెప్షన్‌లో అబ్బాయి నా మెడలో తాళి చూసి మరీ గది ఇచ్చాడు, ఆ అవమానం నాకిప్పటికీ గుర్తుంది. ఫొటోకాపీ ఇవ్వాల్సి వస్తే నంబరులో మొదటి ఎనిమిది అంకెలు కనపడని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఇంకోటి, కర్ణాటకలో ఆడవాళ్ళకి ఫ్రీ బస్సు అంటారు కదా, ఆ శక్తి పథకానికి కర్ణాటక చిరునామా ఉన్న కార్డు కావాలి. మీ ఒంగోలు ఆధార్‌తో ఎక్కితే టికెట్ తీసుకోవాలి, కండక్టరుతో వాదించకండి.

గుడి: మహాబలేశ్వర ఆలయంలో మగవాళ్ళు చొక్కా విప్పి పంచె కట్టుకోవాలి, మనకి చీర గానీ చుడీదార్ గానీ ఉండాలి, జీన్సుతో లోపలికి పంపరు. బ్యాగులో చోటు లేదన్నారు కదా, ఒక పలచటి నూలు పంచె పెట్టండి. బస్సులో దుప్పటి మీద పరుచుకోవడానికి అదే, బీచిలో కూర్చోవడానికి అదే, ఉతికి ఆరేస్తే గంటలో ఆరిపోతుంది, గుడికి ఆయనకి కట్టబెట్టేది కూడా అదే. మీకొక చుడీదారు, దాని చున్నీ. తువ్వాలు లావుది వద్దు, తడిస్తే మూడురోజులైనా ఆరదు, బ్యాగంతా కంపు కొడుతుంది.

ముందు పక్కనే ఉన్న మహాగణపతి గుడికి వెళ్ళి తర్వాత శివుడి దగ్గరికి వెళ్ళడం అక్కడి ఆనవాయితీ. రావణుడు లంకకి తీసుకెళ్తున్న ఆత్మలింగాన్ని పశువుల కాపరి పిల్లాడి వేషంలో వచ్చి కింద పెట్టేసింది వినాయకుడే కదా. లోపల లింగం పైకి కనపడదు, సాళగ్రామ పీఠం మధ్యలో రంధ్రం ఉంటుంది, అందులో వేలుపెట్టి కొసని తాకాలి. మన గుళ్ళలో గర్భగుడి గడప అవతలే నిలబడి అలవాటైపోయిన నాకు ఆ తాకిన క్షణం ఒళ్ళంతా జలదరించింది. రద్దీ లేని రోజు పొద్దున్నే వెళ్ళండి. మీ తేదీలు శివరాత్రి దగ్గరకి పడుతున్నాయేమో కూడా ఒకసారి చూసుకోండి, అప్పుడు రథోత్సవానికి జనం కిక్కిరిసిపోతారు, గదుల రేట్లు మండిపోతాయి.

ఒంగోలు_అమ్మాయి:

ఇద్దరికీ చాలా థాంక్స్. పంచె మాట ఈయనకి చదివి వినిపించాను, పెళ్ళిలో పెట్టిన పంచె ఉంది, అది తెస్తానన్నారు. పట్టుది వద్దని చెప్పాను. అత్తయ్య విషయం ఎవరైనా చెప్పండి ప్లీజ్, రేపు ఆవిడకి ఫోన్ చేద్దామనుకుంటున్నాను.

డ్రైవరు_గారబ్బాయి:

అమ్మా, మా నాన్న 31 ఏళ్ళు ఆర్టీసీలో డ్రైవరు, అందులో చాలా ఏళ్ళు రాత్రి సర్వీసులే. మీ అత్తయ్యగారి భయాన్ని "ఏం కాదులే" అని కొట్టిపారేయకండి. 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర బెంగళూరు నుంచి హైదరాబాదు వస్తున్న వోల్వో బస్సు కాలిపోయి 45 మంది పోయినప్పుడు మా నాన్న ఆ రోజంతా అన్నం తినలేదు. నాకప్పుడు పదిహేనేళ్ళు. ఆ తర్వాత ఆయన ఏ ప్రైవేటు బస్సెక్కినా ముందు వెనక్కి వెళ్ళి ఎమర్జెన్సీ తలుపు చూసేవారు. చిన్నటేకూరు తర్వాత నేనూ అదే చేస్తున్నాను. ఆవిడ భయపడుతున్నది లేని దాని గురించి కాదు.

అలాగని రాత్రి బస్సే ఎక్కకూడదని కూడా నేననను. ఆయన మాకు నేర్పినవి చెప్తాను, ఇవి చేసి, చేశామని ఆవిడకి చెప్పండి.

ఎక్కగానే పడుకోకండి. ఎమర్జెన్సీ తలుపు ఎక్కడుందో చూడండి, అది మీ బెర్తుకి ఎన్ని బెర్తుల అవతల ఉందో చేత్తో తడుముతూ లెక్కపెట్టుకోండి. పొగ కమ్మితే కళ్ళు పనికిరావు, చేతి లెక్కే దిక్కు. అద్దం పగలగొట్టే సుత్తి ఉందా, దాని చోటులోనే ఉందా చూడండి. లేకపోతే డ్రైవర్ని అడగండి. అద్దం నడిమధ్యన కొట్టకూడదు, మూల దగ్గర కొట్టాలి, అక్కడే తొందరగా పగులుతుంది. ఎమర్జెన్సీ తలుపు ముందు పార్సిల్ మూటలు పెట్టి ఉంటే బస్సు కదలకముందే తీయించండి. తీయకపోతే దిగిపోండి, టికెట్ డబ్బు పోతే పోయింది.

అద్దం అవతలికి దూకాల్సి వస్తే బ్యాగు కోసం వెతకొద్దు, చెప్పుల కోసం కూడా వద్దు. ఫోను జేబులో ఉంటే ఉంటుంది. నాన్న ఇది ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు, మంటల్లో జనం సామాను కోసం వెనక్కి తిరిగితే వెనకున్నవాళ్ళకి దారి మూసుకుపోతుందని.

ఇద్దరు డ్రైవర్లున్న బస్సే తీసుకోండి. అంత దూరం ఒక్కడే నడిపితే రెండు నుంచి ఐదు మధ్య కన్ను మూతపడే టైము, ఎంత అనుభవమున్నవాడికైనా. నాన్న ఆ టైములో టీ కోసం ఆగడం కాదు, దిగి చన్నీళ్ళతో మెడ తడుపుకుని పది అడుగులు నడిచేవారు. ఆ టైములో బస్సు రోడ్డు గీత దాటి అటూ ఇటూ పోతున్నట్టనిపిస్తే లేచి ముందుకెళ్ళి డ్రైవరుతో రెండు మాటలు మాట్లాడండి, "ఎక్కడిదాకా వచ్చామన్నా" అంటే చాలు. కోప్పడరు. మా నాన్నకి అలా వచ్చి మాట్లాడిన ప్రయాణికులంటే ఇష్టం.

భయం మరీ ఎక్కువైతే పంచగంగ ఎక్స్‌ప్రెస్ ఉంది, బెంగళూరు నుంచి కార్వార్ వెళ్ళే రాత్రి రైలు, గోకర్ణ రోడ్ స్టేషన్లో ఆగుతుంది, అక్కడి నుంచి ఆటో. దానికి టికెట్ దొరకడమే కష్టం, మీ తేదీలకి ఇప్పుడు వెయిటింగ్ లిస్టే ఉండొచ్చు, ఒకసారి చూడండి.

అబద్ధం మాత్రం చెప్పకండి. నాన్న రాత్రి డ్యూటీలో ఉన్నప్పుడు మా అమ్మ నిద్రపోయేది కాదు, కానీ ఏ బస్సు, ఏ దారి, ఎన్నింటికి ఎక్కడుంటారు అన్నది ఆయన ప్రతిసారీ చెప్పి వెళ్ళేవారు. తెలియకుండా ఉండడం కంటే తెలిసి భయపడటమే నయమని అమ్మ అనేది.

వాడరేవు_వాసు:

మాది చీరాల దగ్గర వాడరేవు, సముద్రం పక్కనే పుట్టి పెరిగాను. అందరూ బస్సు గురించి చెప్పారు, నీళ్ళ గురించి ఎవరూ చెప్పలేదు, నాకు దాని గురించే భయం.

పదో తరగతి పరీక్షలైన రోజు మేం నలుగురం నీళ్ళలోకి దిగాం. నడుం లోతులోనే ఉన్నాను, కాలికింద ఇసక జారినట్టైంది, చూస్తుండగానే ఒడ్డు దూరమైపోయింది. ఒడ్డు వైపు ఈదుతున్నా, ఈదేకొద్దీ లోపలికే పోతున్నా. తెప్ప మీద వస్తున్న ఒక తాత జుట్టు పట్టుకుని లాగి పడేశాడు. ఆయనే తర్వాత చెప్పాడు, అది లాగేటప్పుడు దానికి ఎదురు పోకూడదు, ఒడ్డుకి పక్కగా, తీరం వెంబడి ఈదితే లాగుడు లేని చోటుకి వచ్చేస్తాం, అక్కడ అలలే మనల్ని ఒడ్డుకి తోస్తాయి అని. ఈత రాకపోతే వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి అరవాలి. అటూ ఇటూ అలలు విరుగుతుంటే మధ్యలో నున్నగా, ప్రశాంతంగా కనపడే పట్టీ ఉంటుంది చూడండి, కొత్తవాళ్ళు అక్కడే సేఫ్ అనుకుని దిగుతారు. లోపలికి లాగేది అదే.

గోకర్ణలో రాళ్ళు కూడా ఎక్కువ. ఓం బీచి పైనుంచి చూస్తే ఓంకారం ఆకారంలో ఉంటుంది, ఆ మధ్యలో ముందుకొచ్చిన రాళ్ళ గుట్ట మీద సెల్ఫీల కోసం ఎక్కుతారు, పాచి పట్టి జారుతుంది. ఫిబ్రవరిలో సముద్రం నెమ్మదిగానే ఉంటుంది, జూన్ నుంచి సెప్టెంబరు దాకా మాత్రం దాని జోలికి పోకూడదు. లైఫ్‌గార్డు కనపడే చోటే దిగండి, నడుం దాటి వెళ్ళకండి, ఇద్దరిలో ఒకరికి ఈత రాకపోతే ఇద్దరూ ఒకేసారి దిగకండి.

నడక: కుడ్లె నుంచి గుట్ట దాటితే ఓం బీచి, అక్కడి నుంచి హాఫ్ మూన్, ఆ తర్వాత ప్యారడైజ్. కుడ్లె నుంచి చివరిదాకా ఆగుతూ వెళ్తే రెండు గంటలు పట్టొచ్చు, చివరి భాగం రాళ్ళు. హవాయి చెప్పులతో వద్దు. మనిషికి రెండు లీటర్ల నీళ్ళు. ప్యారడైజ్‌కి రోడ్డు లేదు, చీకటి పడితే దారి కనపడదు, నాలుగింటికల్లా వెనక్కి తిరగాలి. సీజన్లో పడవలు తిరుగుతాయి, లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే ఎక్కకండి.

సాయంత్రం కుడ్లెలో కూర్చోండి. మన సూర్యలంకలో, వాడరేవులో సూర్యుడు నీళ్ళలోంచి పైకొస్తాడు. అక్కడ నీళ్ళలోకి దిగుతాడు. ముప్ఫై ఏళ్ళు సముద్రం పక్కన బతికినవాణ్ణి, మొదటిసారి అది చూసి అలాగే కూర్చుండిపోయాను.

శనివారం మురుడేశ్వర్ కూడా వెళ్ళిరండి, 123 అడుగుల శివుడు, వెళ్ళడం రెండు గంటలు కూడా పట్టదు.

మెజెస్టిక్_బ్యాచి:

వాసుగారూ, నీళ్ళ మాట నూటికి నూరు నిజం, నేను రాయాల్సింది, మర్చిపోయాను. మురుడేశ్వర్ విషయంలో మాత్రం ఒప్పుకోను. ఉన్నది మూడు రోజులు, అందులో ఒకరోజు పోనూ రానూ బస్సుల్లో గడిస్తే ఇంక వాళ్ళిద్దరూ మాట్లాడుకునేదెప్పుడు? అంతగా వెళ్ళాలనిపిస్తే మిర్జాన్ కోట చాలు, కుమటా దారిలోనే ఉంది, పూటలో వచ్చేయొచ్చు. గేరుసొప్పె రాణి చెన్నభైరాదేవి కోట, పోర్చుగీసువాళ్ళు మిరియాల రాణి అని పిలిచింది ఆవిడనే. ఎర్రరాతి గోడల మీద గడ్డి మొలిచి ఎంతో ప్రశాంతంగా ఉంటుంది.

ఒంగోలు_అమ్మాయి (మూడు వారాల తర్వాత):

వెళ్ళొచ్చాం. సాయం చేసినవాళ్ళకి జరిగింది చెప్పాలి కదా, అందుకే రాస్తున్నాను.

అత్తయ్యకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మీరు పెద్దవాళ్ళయ్యారు, నేను చెప్పేదేముంది" అన్నారు, ఆ గొంతు వింటే నాకు టికెట్లు క్యాన్సిల్ చేసేద్దామనిపించింది. అప్పుడు డ్రైవరుగారబ్బాయి రాసినదంతా చదివి వినిపించాను. మొత్తం విన్నారు. చివర్లో "ఆ సుత్తి ఉందో లేదో ఫొటో తీసి పంపు" అన్నారు. యశవంతపురలో ఎక్కగానే మొదట చేసిన పని అదే, సుత్తి ఫొటో, తలుపు ఫొటో, ఇద్దరు డ్రైవర్ల పేర్లు పంపించాం. మా బెర్తు నుంచి తలుపు దాకా నాలుగు బెర్తులు, ఈయన కళ్ళు మూసుకుని తడుముతూ లెక్కపెట్టారు, ఎదురు బెర్తులో ఉన్న కన్నడ ఆంటీ ఎందుకని అడిగితే చెప్పాం, ఆవిడా లేచి లెక్కపెట్టారు.

మాత్ర వేసుకున్నాను, పెరుగన్నం తిన్నాను, ఘాట్ వచ్చినప్పుడు మెలకువ వచ్చింది గానీ వాంతి కాలేదు. నా జీవితంలో ఇదే మొదటిసారి. కర్టెన్ కొంచెం పక్కకి జరిపి చూస్తే బయట చీకట్లో పెద్ద పెద్ద చెట్లు, పొగమంచు, ఈయన గురక. ఆ అరగంట నేనొక్కదాన్నే మేలుకుని ఉన్నాను, ట్రిప్పు మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయింది అదే.

బస్సు ఊళ్ళోకే వెళ్ళింది. ఏడు గంటలకి దిగి, బ్యాగులు హాస్టల్లో పడేసి, కోటితీర్థం కోనేటి మెట్ల మీద కాసేపు కూర్చున్నాం. ఎవరో పిండప్రదానాలు చేయిస్తున్నారు. టిఫిన్‌కి బన్స్ తిన్నాం, అరటిపండు వేసి చేసే తియ్యటి పూరీలాంటిది, ఈయన నాలుగు తిన్నారు. శుక్రవారం మధ్యాహ్నం వేరే పని పెట్టుకోలేదు. శనివారం పొద్దున గుడి, తర్వాత ఓం బీచి నుంచి హాఫ్ మూన్ దాకా నడిచాం, ఎండకి నాకు తలనొప్పి రావడంతో ప్యారడైజ్ వదిలేసి తిరిగొచ్చేశాం. ఈయనకి ఈత రాదు, మోకాలి లోతు దాటనివ్వలేదు, కాసేపు అలిగారు. మురుడేశ్వర్ వెళ్ళలేదు, మిర్జాన్ కూడా వెళ్ళలేదు. ఆదివారం సాయంత్రం దాకా కుడ్లెలోనే ఉన్నాం. మొత్తం ఖర్చు పదమూడు వేల ఆరు వందలు.

తిరుగు బస్సులో ఎమర్జెన్సీ తలుపుకి అడ్డంగా రెండు మూటలు ఉన్నాయి. నాకు మామూలుగా అయితే అడిగే ధైర్యం లేదు. క్లీనర్ని పిలిచి తీయమన్నాను, "ఏం కాదు మేడమ్, ముందు స్టాపులో దింపేస్తాం" అన్నాడు. తీసేదాకా కూర్చోనని ఈయన నిలబడ్డారు, వెనక బెర్తులో అబ్బాయిలు ఇద్దరు కూడా మా వైపు మాట్లాడారు. ఐదు నిమిషాల్లో తీసి డిక్కీలో పెట్టారు. గొడవేమీ కాలేదు.

ఇంటికొచ్చి ఫోన్ చేస్తే అత్తయ్య గుడి గురించే అడిగారు. లింగాన్ని వేలితో తాకనిస్తారని చెప్పగానే, శివరాత్రి హడావిడి అయ్యాక మామయ్యనీ తననీ తీసుకెళ్ళమన్నారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, స్లీపర్ బస్సు ఎక్కలేరు. పంచగంగలో లోయర్ బెర్తులు దొరకాలంటే ఎన్ని రోజుల ముందు చేయాలి? ఆవిడకి 54, మామయ్యకి 61.

డ్రైవరు_గారబ్బాయి:

సుత్తి ఫొటో సంగతి మా నాన్నకి చదివి వినిపించాను, చాలా సంతోషించారు.

రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది, తెరిచిన రోజు పొద్దున ఎనిమిదికే కూర్చోండి. 45 దాటిన ఆడవాళ్ళకీ 60 దాటిన మగవాళ్ళకీ లోయర్ బెర్తు కోటా ఉంది. వాళ్ళిద్దరి టికెట్ విడిగా, మీ ఇద్దరిదీ విడిగా తీయండి, నలుగురిదీ ఒకే టికెట్‌లో పెడితే ఆ కోటా వర్తించదు. స్టేషన్ నుంచి ఊరికి ఆటో రాత్రే మాట్లాడి పెట్టుకోండి, మోకాళ్ళ నొప్పులున్న మనిషిని పొద్దున్నే స్టేషన్ బయట నిలబెట్టొద్దు.